పన్నుకు గుంట పడకముందే పట్టుకోవాలంటే

మా పెద్దాడికి ఐదేళ్లప్పుడు ఒక అర్ధరాత్రి పన్ను నొప్పితో లేచి కూర్చున్నాడు. మర్నాడు డాక్టరు చూసి పుచ్చు నరం దాకా వెళ్లిందన్నారు. ఆ కుర్చీలో వాడు ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. అందుకే చిన్నదాని విషయంలో నొప్పి వచ్చేదాకా ఆగలేదు.

మలక్‌పేటలో మా ఇంటి బాల్కనీలోకి పొద్దున మంచి వెలుతురు వస్తుంది. ప్రతి ఆదివారం బ్రష్ అయ్యాక దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, పై పెదవి ఎత్తి, పళ్లను పొడిగుడ్డతో తుడిచి చూస్తాను. తుడవడం ముఖ్యం, తడి పంటి మీద మచ్చ సరిగా కనిపించదు. చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత ఉంటే అది పుచ్చుకు మొదలు కావచ్చు. పైపొర కింద ఖనిజం కరుగుతోంది, గుంట మాత్రం ఇంకా పడలేదు. పన్ను మళ్లీ గట్టిపడే అవకాశం ఉన్న దశ ఇదే. దాన్ని గోరుతోనో పిన్నుతోనో గీకకండి, పైపొర చిట్లితే నిజంగానే గుంట అవుతుంది.

దీనికి మందు ఫ్లోరైడ్ పేస్టు. మా అత్తగారిది నల్గొండ దగ్గర పల్లె, ఆ పేరు వింటేనే ఆవిడకు భయం. బోరు నీళ్లు తాగి వంకర పోయిన కాళ్లను చూసిన మనిషి, ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ ఏళ్ల తరబడి కడుపులోకి వెళ్లిన నీళ్లు వేరు, పళ్లకు కొంచెం రాసి ఉమ్మేసే పేస్టు వేరు. ఆవిడకు గింజ చూపించి మరీ చెప్పాను: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, అంతకు మించి వద్దు. మీది ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లయితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దాటకూడదు. కొన్ని పేస్టుల్లో అసలు ఉండదు, ట్యూబు మీద చదవండి. రాత్రి పడుకునే ముందు మీరే తోమండి. నురగ ఉమ్మించండి, ఆ తర్వాత నీళ్లతో పుక్కిలించనివ్వకండి.

చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ మా ఇంట్లోనూ ఉంది. ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ఎక్కువ చేటు. అందుకని తీపి భోజనంతో పాటే పెడతాను.

డాక్టరు దగ్గర అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్లోరైడ్ వార్నిష్ బ్రష్‌తో పూస్తారు, కొన్ని నిమిషాల పని, మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఆరేళ్లకు వచ్చే దవడ పళ్ల గాడులను సీలెంట్ అనే పూతతో మూయిస్తే తిండి ఇరుక్కోదు. పాలపంటికి చిన్న గుంట పడినా, నొప్పీ వాపూ లేకపోతే, సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం రాసి చాలాసార్లు పుచ్చును ఆపగలరు, డ్రిల్లింగ్ అక్కర్లేదు. కాకపోతే పుచ్చిన చోటు నల్లబడి అలాగే ఉండిపోతుంది, ముందు పళ్లయితే ఆలోచించుకోండి. ఫిల్లింగ్ అనగానే ఒప్పుకోకుండా, "గుంట పడిందా, ఇంకా మచ్చేనా?" అని అడగండి.

మా చిన్నదాని పంటి మీదా అలాంటి తెల్ల గీతే కనిపించింది. ఆరు నెలల తర్వాత అది పూర్తిగా పోలేదు. సుద్దలా గరుకుగా ఉన్నది కాస్తా నున్నగా మెరుస్తోంది. అంటే పుచ్చు ఆగిందని డాక్టరు అన్నారు. ఆదివారం బాల్కనీ చూపు మాత్రం మానలేదు.