కీమోలో కళ్ల నీళ్లు ఆగట్లేదా? ఇది చదవండి

అమ్మకి రొమ్ము క్యాన్సర్‌కి డోసిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్న రోజుల్లో ఎప్పుడు చూసినా కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఉండేది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఏడవకు వదినా, ధైర్యంగా ఉండు" అనేవాళ్లు. ఆవిడ ఏడవట్లేదు మహాప్రభో, మందు వల్ల కారుతున్నాయి! అది మాకు అర్థమవడానికే నెల పట్టింది.

ముక్కు పక్కన, రెప్పల అంచుల్లో పైనొకటి కిందొకటి సూదిమొనంత రంధ్రాలుంటాయి, కన్నీళ్లు వాటిలోంచే ముక్కులోకి దిగుతాయి. డోసిటాక్సెల్ ఆ దారిని వాచేలా చేసి మెల్లగా మూసేస్తుంది, వారం వారం ఎక్కించుకునేవాళ్లకి ఈ బెడద ఎక్కువ. 5-ఎఫ్‌యూ అనే ఇంకో కీమో మందుతోనూ, కాపెసిటబైన్ అనే కీమో మాత్రలతోనూ కళ్లు కారతాయి. అందుకని నీళ్లు కారడం మొదలైన వారంలోనే క్యాన్సర్ డాక్టరుకి చెప్పండి, తర్వాతి డోసు దాకా ఆగొద్దు, అలాగని మీ అంతట మీరు మందు మానేయొద్దు. దారి పూర్తిగా మూసుకుపోతే పెద్ద ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

ఇంకో తిరకాసు ఏంటంటే, కన్ను ఎండిపోయినా మంట పుట్టి నీళ్లు కారతాయి. దానికి ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేని కృత్రిమ కన్నీటి చుక్కలు చాలు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలని వేలితో నిమిషం నొక్కి పట్టుకోండి. రెండో మందుంటే కనీసం ఐదు నిమిషాలాగి వేయండి.

ఇక సలహాలు. నందివర్ధనం పూలు పెట్టమని ఒకరు, ఆముదం వేయమని ఇంకొకరు, చనుబాలు పిండమని పక్కింటి పెద్దమ్మ. ఇన్ఫెక్షన్లని అడ్డుకునే తెల్లకణాలు పడిపోయి ఉన్న టైంలో ఇవేవీ కంట్లోకి పోనివ్వొద్దు. కాటుక, కాంటాక్ట్ లెన్సులు పక్కన పెట్టండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. కొన్ని కీమోలకి డాక్టర్లే ముందుజాగ్రత్తగా స్టెరాయిడ్ చుక్కలు రాస్తారు, అది వేరే సంగతి.

నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, వీటిలో ఏదొచ్చినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికెళ్లండి, ఇమ్యునోథెరపీలో (క్యాన్సర్ మీదికి ఒంట్లోని రోగనిరోధక శక్తినే ఉసిగొల్పే మందులు) ఉన్నవాళ్లయితే మరీను. వాడుతున్న మందుల చీటీ ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి.

కంటి డాక్టరు దగ్గర రెప్ప మూలలోంచి సన్న సిరింజితో ఉప్పునీళ్లు పంపి చూస్తారు. గొంతులో ఉప్పగా తగిలితే దారి తెరిచే ఉందని. అమ్మకి ఎడమవైపు ఉప్పగా తగిలింది, కుడివైపు నీళ్లు చాలావరకు బయటికే వచ్చేశాయి. ఆ ఒక్క కంటికి దారం లాంటి సిలికాన్ గొట్టం పెట్టి, కీమో అయిపోయిన కొన్నాళ్లకి తీసేశారు.