సొంత వ్యాపారం మీద విదేశం వెళ్తున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు జాగ్రత్తలు

చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారమైనా, శ్రీకాళహస్తిలో కలంకారీ పనైనా, ఆ వ్యాపారం ఆధారంగా విదేశంలో స్థిరపడాలని వీసా కన్సల్టెంట్ చేతిలో డబ్బు పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• అసలు ఆ దారి తెరిచి ఉందా? కెనడా స్వయం ఉపాధి పథకం కళాకారులకు, క్రీడాకారులకు ఉద్దేశించినది. కలంకారీ వాళ్లకు అచ్చంగా సరిపోయేదే, కానీ 2024 ఏప్రిల్ 30 నుంచి కొత్త దరఖాస్తులు ఆపేశారు. "లోపల మనవాళ్లున్నారు" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

• అమెరికాలో పెట్టుబడి పెట్టి వ్యాపారం నడిపేవాళ్లకిచ్చే ఈ-2 వీసా, ఆ దేశంతో ఒప్పందం ఉన్న దేశాల వాళ్లకే. అందులో మన దేశం లేదు.

• ఈబీ-5కి (పెట్టుబడితో అమెరికా గ్రీన్‌కార్డు ఇచ్చే పథకం) కనీసం 8 లక్షల డాలర్లు, అదీ ఎంపిక చేసిన ప్రాంతాల్లో పెడితేనే. అంతకంటే పెద్ద టెన్షన్, ఆ డబ్బు ఎక్కడిదో చూపడం. పొలం అమ్మారనుకోండి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఒక ధర, చేతికొచ్చింది ఇంకో ధర అయితే ఆ తేడాకు లెక్క చెప్పలేరు. పైగా ఆర్‌బీఐ నియమం ప్రకారం ఒక మనిషి ఏడాదికి పంపగలిగేది 2,50,000 డాలర్లే.

• బ్రిటన్‌లో కొత్త వ్యాపారం పెట్టేవాళ్లకిచ్చే ఇన్నోవేటర్ ఫౌండర్ వీసాకు గుర్తింపు పొందిన సంస్థ ఆమోదం కావాలి. ఆలోచన కొత్తదై ఉండాలి. మామూలు టిఫిన్ సెంటర్ అంటే కష్టమే.

• ఐటీ రిటర్నులు, జీఎస్టీ, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకదానితో ఒకటి కలవాలి.

• పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటే ముందే సరిచేయించుకోండి.