బొంతకుట్టు లంగా కుడుతున్నారా? నడుము దగ్గర మధ్య పొర పెట్టకండి

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఆడవాళ్లు ముందు తెరిచి ఉండే గౌను కింద బొంతకుట్టు లంగా వేసుకునేవారు. అది లోపల దాక్కునే బట్ట కాదు, గౌను మధ్యలోంచి అందరికీ కనిపించేదే. పైన పట్టు శాటిన్, మధ్యలో ఉన్ని, లోపల లైనింగు. చలికి చలీ ఆగేది, లంగా గుండ్రంగా నిలబడేది కూడా.

నాటకానికో ప్రదర్శనకో అలాంటిది కుడుతుంటే, కుచ్చిళ్లు పెట్టాక బొంతకుట్టు వేద్దామనుకోకండి. ముందు బట్టను బల్లమీద పరిచి, మూడు పొరలనూ కచ్చా కుట్టుతో బిగించి, చదునుగా ఉండగానే సన్నని దారపు కుట్టు పూర్తిచేయండి. పూలూ తీగలూ ఒత్తుగా కింది అంచు దగ్గరే. పైకి వెళ్లేకొద్దీ మామూలు డైమండు గళ్లు చాలు. అసలు కిటుకు ఇదే: పొరలు పరిచేటప్పుడే నడుము దగ్గర జానెడు మేర మధ్య పొర (ఉన్ని) పెట్టకుండా వదిలేయండి. లేకపోతే కుచ్చిళ్లు ముద్దకట్టి నడుము లావుగా కనిపిస్తుంది. పక్కల జేబు సందులు మరవొద్దు. అప్పట్లో జేబులు విడిగా నడుముకు కట్టుకునేవారు, చెయ్యి ఆ సందుల్లోంచే వెళ్లేది.

పట్టు దొరక్కపోతే కలంకారి నూలు వాడండి. మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలతో ఐరోపాలో ఇలాంటి లంగాలు నిజంగానే కుట్టుకున్నారు.