సుద్దముక్క ఆగిపోయే చోట: లెక్కలు, ఇంజనీరింగ్ చెప్పేవాళ్లు ఆన్‌లైన్ పాఠాలను వాడే పద్ధతి

చంద్రగిరి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. జూన్‌లో బడులు తెరిస్తే చాలు, తెలిసిన టీచర్లు ఫోన్ చేసి "సార్, ఆన్‌లైన్‌లో మంచివి ఉంటే లింకులు పంపండి" అంటారు. పంపడం నిమిషం పని. కానీ ఇరవై లింకులు పంపితే వాటిలో ఒక్కటీ క్లాసులో తెరుచుకోదు, ఇది చాలాసార్లు చూశాను. అందుకే ఈసారి లింకుల జాబితా పక్కన పెట్టి, వాడే పద్ధతి రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోండి. బోర్డు మీద చక్కగా చెప్పగలిగిన పాఠానికి ఆన్‌లైన్ అక్కర్లేదు. సమీకరణం సాధించడం బోర్డు మీదే బాగుంటుంది. ఒక్కో మెట్టు రాస్తూ పోతే పిల్లలూ నోటుబుక్కులో రాస్తూ వస్తారు, అదే వీడియో పెడితే చూస్తూ కూర్చుంటారు తప్ప పెన్ను కదలదు. సుద్దముక్కకు చేతకానిది కదలిక. గీత వాలు మారుతుంటే ఏమవుతుంది, విసిరిన బంతి కోణం మారితే ఎక్కడ పడుతుంది, తీగలో కరెంటు ఎటు పోతుంది, ఇవి గీసి చూపించలేం. అక్కడే ఫోనో, క్లాసులోని డిజిటల్ ప్యానెలో (పెద్ద టచ్ తెర) తెరవాలి. పీరియడ్ మొత్తంలో పది నిమిషాలు చాలు.

నేను మొదటిసారి డిజిటల్ క్లాసు పెట్టినప్పుడు ఈ సంగతి తెలియదు. అరగంట వీడియో ఒకటి ఎంచుకుని ప్యానెల్ మీద పెట్టాను, మూడో నిమిషంలో నెట్ ఆగిపోయింది, చక్రం తిరుగుతూనే ఉంది, యాభై మంది పిల్లలు ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నారు. పీరియడ్ పోయింది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ముందురోజు రాత్రి ఇంట్లోనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరిచి చూస్తాను. తెరుచుకుంటేనే అది రేపటి పాఠంలో ఉంటుంది. లాగిన్ అడుగుతుందా, వెనక బెంచీ వాళ్లకు అక్షరాలు కనిపిస్తాయా, ఈ రెండు కూడా అప్పుడే చూసుకోండి.

ఇక మొదట నేర్చుకోవాల్సింది జియోజీబ్రా, గ్రాఫులు, బొమ్మలు గీసి కదిపి చూపించే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టిన పని ఇది, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు, టీచర్లకు, పిల్లలకు ఉచితం. ఫోన్‌లో యాప్ వేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెరవగానే ఇంగ్లిష్ అక్షరాల్లో వై = ఎం ఎక్స్ + సి (y = m x + c) అని కొట్టండి (ఎం తరువాత ఒక ఖాళీ వదలండి, లేకపోతే రెండక్షరాలనూ కలిపి ఒకే పేరు అనుకునే అవకాశం ఉంది). ఎంకు, సికి చెరొక స్లైడర్ (వేలితో లాగితే విలువ మారే మీట) వస్తుంది. గీత వాలు చెప్పేది ఎం.

ఇక్కడ తొందరపడి స్లైడర్ లాగొద్దు. అసలు పాఠం ఈ ఆగడంలోనే ఉంది. "ఎం ఇప్పుడు 1 ఉంది, 3 చేస్తే గీత ఏమవుతుంది?" అని అడగండి, అందరూ నోటుబుక్కులో గీయాలి, గీశాకే లాగాలి. తాము గీసిన గీత తప్పో ఒప్పో తెలుసుకోవాలన్న ఆత్రంతో చూసే పిల్లలు, ఊరికే తెర చూసే పిల్లలు ఒకటి కాదు. పోయిన ఏడాది ఎంను మైనస్‌లోకి తీసుకెళ్లే ముందు అడిగితే, రెండో బెంచీలో ఉన్న అమ్మాయి లేచి "సార్, కొండ దిగొచ్చే రోడ్డు మాదిరి ఉండాది సార్" అంది. వాళ్ల నాన్న తిరుమలకు జీపు తోలుతాడు. ఎక్కేది రెండో ఘాట్ రోడ్డు, దిగేది మొదటి ఘాట్ రోడ్డు, మా పిల్లలందరికీ తెలిసిందే. ఎడమ నుంచి కుడికి పోతుంటే ఎక్కితే ప్లస్, దిగితే మైనస్, సున్నా అయితే రేణిగుంట రోడ్డులా చదును. ఆ మాట తరువాత వాలు గుర్తు గురించి ఆ క్లాసులో నేను మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

తరువాత సిని కదపండి. చాలామంది పిల్లలు సి మారితే కూడా వాలు మారుతుందనే అనుకుంటారు. గీత తన వాలు మార్చుకోకుండా పైకీ కిందికీ జరగడం కళ్లారా చూస్తే ఆ భ్రమ పోతుంది. అంతే, ప్యానెల్ ఆపేసి బోర్డు దగ్గరికి వచ్చేయండి.

రెండోది ఫెట్ సిమ్యులేషన్లు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో దీన్ని మొదలుపెట్టారు. భిన్నాలు, వైశాల్యం, ప్రక్షిప్తం (విసిరిన వస్తువు), కరెంటు సర్క్యూట్లు, అన్నీ చేత్తో కదిపి చూసేవి. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, అనువాదాల విభాగంలో వెతకండి. ప్రతిదాని పేజీలో డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ ల్యాప్‌టాప్‌లోనైనా బ్రౌజర్‌తో తెరవొచ్చు, నెట్ అక్కర్లేదు. మా స్టాఫ్ రూములో అలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది, సైన్స్ టీచర్లు, నేను కలిసి వాడుకుంటాం.

ప్రభుత్వ పాఠాల యాప్ దీక్ష సంగతి టీచర్లకు తెలిసిందే. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానిదే వస్తుంది కాబట్టి వెతుకులాట తప్పుతుంది. నేను దాన్ని క్లాసులో కంటే, సెలవు పెట్టి పాఠం తప్పిపోయిన పిల్లల కోసం ఎక్కువ వాడతాను. ఇంకో మాట, ఆన్‌లైన్‌లో దొరికేది చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, దానికి భయపడొద్దు. మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటుంది కదా, సిమ్యులేషన్‌లో కనిపించే ఐదారు మాటలను ముందే ఆ రెండు పేజీల్లో వేలు పెట్టి చూపించండి. వాలు అంటే స్లోప్ అని ఒకసారి తెలిశాక పిల్లలకు తెర మీది ఇంగ్లిష్ అడ్డం కాదు.

ఇంజనీరింగ్, డిప్లొమా చెప్పేవాళ్లకు దారి వేరు. మా తమ్ముడు డిప్లొమా కాలేజీలో చెబుతాడు, వాడు వాడే క్రమమే రాస్తున్నాను. ల్యాబ్‌కు ముందురోజు వర్చువల్ ల్యాబ్స్ తెరిపిస్తాడు. ఐఐటీలు, మరికొన్ని సంస్థలు కలిసి కేంద్ర విద్యాశాఖ పథకం కింద చేసినవి అవి. ప్రతి ప్రయోగంలో లక్ష్యం, సిద్ధాంతం, చిన్న ముందస్తు పరీక్ష, చేసే విధానం, సిమ్యులేషన్, చివర మళ్లీ పరీక్ష వరుసగా ఉంటాయి. ముందస్తు పరీక్ష ఇంట్లో రాసి వస్తేనే ల్యాబ్‌లోకి రానిస్తాడు. దాంతో అసలు పరికరాల దగ్గర టైమ్ వృథా కాదు.

ఎన్‌పీటెల్ (NPTEL) వీడియో పాఠాలు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు చెప్పినవి. చూడడానికి డబ్బు కట్టనవసరం లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. గంట పాఠం మొత్తం క్లాసులో వేయొద్దు, ముందు మీరు చూడండి, పిల్లలకు తట్టని పది నిమిషాల ముక్క ఏదో గుర్తుపెట్టుకుని అదే చూపించండి. సాఫ్ట్‌వేర్ నేర్పాలంటే ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే పైథాన్, లినక్స్ లాంటివి చిన్న చిన్న వీడియోల్లో ఉంటాయి, చాలావాటికి తెలుగు ఆడియో ఉంది. తెరలో సగం వీడియో, సగం ప్రోగ్రాం పెట్టుకుని, వాళ్లు ఒక లైను కొడితే ఆపి మీరూ అదే లైను కొట్టాలి. ఆపకుండా చూస్తే ఏమీ రాదు.

ఇక టింకర్‌క్యాడ్, తెర మీదే సర్క్యూట్లు కలిపి చూసే వెబ్‌సైట్. దీనికి మాత్రం నెట్ తప్పదు, నేను నా ఫోన్ హాట్‌స్పాట్ పెడతాను. టీచర్ క్లాసు తయారుచేసి కోడ్ ఇస్తే పిల్లలు ఈమెయిల్ లేకుండానే చేరొచ్చు. పదో తరగతిలో ఓమ్ నియమం అయ్యాక ఇది చేయించండి. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్ఈడీని నేరుగా కలిపి సిమ్యులేషన్ నొక్కమనండి. ఎల్ఈడీ మీద పేలినట్టు గుర్తు వస్తుంది, క్లాసంతా "అయ్యో" అంటుంది. ఇప్పుడు లెక్క. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు పోతే మిగిలింది 7. కరెంటును 20 మిల్లీఆంపులు దాటనివ్వకూడదు, అందుకు మధ్యలో ఒక రెసిస్టర్ పెట్టాలి. 7ను 0.02తో భాగిస్తే 350 ఓములు.

లెక్కల మాస్టారికి పని అక్కడితో అయిపోయింది, కానీ ఆగొద్దు. తిరుపతి ఎలక్ట్రానిక్స్ షాపులో 350 ఓముల రెసిస్టర్ అడిగితే ఇవ్వరు, మామూలుగా దొరికేవి 330, 390. ఏది కొనాలి? మా పిల్లలు సగం మంది 330 అన్నారు, 350కి దగ్గర కాబట్టి. రెండు పక్షాల వాళ్లూ చెరొకటి పెట్టి చూడండి అన్నాను. 330తో కరెంటు 21 మిల్లీఆంపులు దాటుతుంది, 390తో 18 లోపే ఉంటుంది. దగ్గరి అంకెకు సవరించడం లెక్కల్లో అలవాటు, ఇక్కడ మాత్రం పైకే సవరించాలి. ఎందుకో వాళ్ల చేతే చెప్పించండి, టైమ్ పట్టినా ఫర్వాలేదు.

మరుసటి వారం నిజమైనవే కొనుక్కొచ్చాను: 390 ఓముల రెసిస్టర్లు ఐదు, ఎల్ఈడీలు ఐదు, బ్యాటరీ, క్లిప్పు. గుంపుకు ఒక ఎల్ఈడీ ఇచ్చి, పొడుగు కాలు ప్లస్‌కు అని మాత్రమే చెప్పి వదిలేశాను. మీరూ వీలైతే తెర మీద చేసింది అదే వారంలో చేతికివ్వండి, వారం దాటితే లెక్క మరిచిపోతారు.