సెంట్రిఫ్యూజ్ షేకింగ్ టేబుల్: లెక్కలో నూనెను వదలకండి

మాది నల్లగొండ. పానగల్లు ఉదయసముద్రం లాంటి పాత కట్టలు భూమి కదిలితే ఎలా నిలుస్తాయన్నది నన్ను వదలని ప్రశ్న. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాద్ దాకా తెలిసింది. మనకు భూకంపాలు రావులే అని ఊరుకోలేం.

దాన్ని చూడటానికి చిన్న మట్టి నమూనాను సెంట్రిఫ్యూజ్‌లో, అంటే వేగంగా తిప్పి బరువు పెంచే యంత్రంలో పెట్టి, కింది టేబుల్‌ను ఊపే షేకర్‌తో కుదుపుతారు. ఆ షేకర్ లెక్కే ఇది. ముందు కొలతలు. 50 జి (భూమ్యాకర్షణకు 50 రెట్లు) దగ్గర 20 సెంటీమీటర్ల మట్టి, కట్ట కింది 10 మీటర్ల పొరకు సమానం. 1 హెర్ట్జ్, 0.2 జి కంపానికి షేకర్ 50 హెర్ట్జ్ దగ్గర 10 జి ఇవ్వాలి. తడిమట్టి అయితే నీళ్ల బదులు 50 రెట్లు చిక్కనైన మిథైల్ సెల్యులోజ్ ద్రావణం పోయండి. లేదంటే నీటి ఒత్తిడి త్వరగా దిగిపోయి కట్ట ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది.

ఇక షేకర్. మట్టిపెట్టె, టేబుల్ కలిపి 300 కిలోలు, ఎదురు బరువు 600 కిలోలు, మధ్యలో హైడ్రాలిక్ పిస్టన్ అనుకుందాం. ఎదురు బరువు కదలదని అనుకోవద్దు. 50 హెర్ట్జ్, 10 జి దగ్గర పెట్టె 1 మిల్లీమీటరు కదిలితే ఎదురు బరువు అర మిల్లీమీటరు వెనక్కి జరుగుతుంది. అంటే పిస్టన్ మొత్తం 1.5 మిల్లీమీటర్లు కదలాలి. దాని వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లయితే, వేగం గరిష్ఠంగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 56 లీటర్ల లెక్కన నూనె కావాలి. సర్వో వాల్వ్‌ను (సిగ్నల్‌ను బట్టి నూనెను వదిలే కవాటం) దీన్ని బట్టే ఎంచుకోండి.

అసలు చిక్కు నూనె స్ప్రింగ్‌లా నొక్కుకుపోవడంలో ఉంది. దాని గట్టితనం: నూనె బల్క్ మాడ్యులస్‌కు (నొక్కుడును నూనె ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత) 4 రెట్లు, ఇంటూ వైశాల్యం వర్గం, బై నూనె పరిమాణం. మాడ్యులస్ 1 గిగాపాస్కల్, నూనె 60 ఘన సెంటీమీటర్లు, రెండు బరువుల ఉమ్మడి ప్రభావం 200 కిలోలు తీసుకుంటే సహజ పౌనఃపున్యం (సెకనుకు సొంతంగా ఎన్నిసార్లు ఊగుతుందో) సుమారు 184 హెర్ట్జ్. 50తో భాగిస్తే, అసలు కట్ట కొలతలో 3.7 హెర్ట్జ్.

కోత తరంగ (మట్టిని అడ్డంగా ఊపే కంపం) వేగం సెకనుకు 150 మీటర్లుండే 10 మీటర్ల పొర సొంత పౌనఃపున్యం 3.75! రెండూ ఒకచోటే పడ్డాయి. రికార్డులో పైకి లేచిన శిఖరం మట్టిదో యంత్రానిదో ఇక చెప్పలేం. అందుకే మట్టిని ఒకే ముద్ద బరువుగా కాక, స్ప్రింగులతో కలిపిన పొరలుగా లెక్కల మోడల్లో పెట్టండి. వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య దారి తగ్గించి నూనె స్ప్రింగ్‌ను గట్టిపరచండి. పిస్టన్ పెద్దది చేసినా గట్టిపడుతుంది గానీ, నూనె ఎక్కువ కావాలి.

మట్టి పెట్టకముందు అంతే బరువున్న ఇనుప దిమ్మతో తక్కువ స్థాయి ర్యాండమ్ సిగ్నల్ ఇచ్చి మాడ్యులస్, డ్యాంపింగ్ (ఊపు తగ్గే తీరు) సరిచూసుకోండి. పరీక్షయ్యాక విశ్లేషణకు కంట్రోలర్‌కు ఇచ్చిన సిగ్నల్ వద్దు. పెట్టె అడుగున యాక్సిలరోమీటర్ కొలిచిందే వాడండి.