హక్కుదారు ఎవరో తెలియని పాత ఫుటేజ్: సెక్షన్ 31ఏ లైసెన్స్‌కు దరఖాస్తు ఎలా చేయాలి?

పేరున్న దర్శకుడు ఎప్పుడో తీసిన, ఎవరూ చూడని రీళ్లు ఉన్నట్టుండి నెట్‌లో కనిపిస్తాయి. పెట్టినవాళ్లను అడిగితే జవాబుండదు, కింద మాత్రం "అభ్యంతరం ఉంటే చెప్పండి, తీసేస్తాం" అని రాసి ఉంటుంది. ఆ మాటకు చట్టంలో విలువ లేదు. అందులోంచి రెండు నిమిషాలు మీ డాక్యుమెంటరీలో పెట్టుకోవాలంటే మన దేశంలో ఉన్న దారి, హక్కుదారు దొరకనప్పుడు లైసెన్స్ ఇప్పించే కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 31ఏ.

ముందు హక్కు ఎవరిదో వెతకాలి. చాలామంది నేరుగా దర్శకుడి వారసుల దగ్గరికి వెళ్తారు. కానీ చట్టం లెక్కలో సినిమాకు కర్త నిర్మాత, అంటే ఆ పనికి పూనుకుని బాధ్యత తీసుకున్న మనిషి లేదా సంస్థ. సత్యజిత్ రే 1971లో తీసిన ‘సిక్కిం’ డాక్యుమెంటరీనే చూడండి, దాన్ని తీయించింది చోగ్యాల్, అంటే అప్పటి సిక్కిం రాజు, కాబట్టి అలాంటి కేసులో వెతకాల్సింది తీయించినవాళ్ల కాగితాలు. ప్రభుత్వం తీయించినదైతే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు ప్రభుత్వానిదే. అప్పుడు 31ఏ అక్కర్లేదు, ఆ శాఖకే రాయాలి. ప్రభుత్వ డాక్యుమెంటరీలు తీసిన ఫిల్మ్స్ డివిజన్ 2022లో ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ)లో కలిసిపోయింది, దాని సినిమాలైతే ఆ ఉత్తరం అక్కడికే. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ప్రింట్ ఉన్నంత మాత్రాన హక్కు కూడా అక్కడే ఉందనుకోకండి.

క్లిప్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడండి. క్లాప్ బోర్డు మీద ప్రొడక్షన్ పేరు, రీలు మొదట్లో ల్యాబ్ పేరు దొరకొచ్చు. స్కాన్‌లో ఫిల్మ్ అంచు కూడా పడితే కొడాక్ వాళ్ల చిన్న చిన్న గుర్తులు, త్రికోణం, చతురస్రం లాంటివి కనిపిస్తాయి. అవి ముడి ఫిల్మ్ తయారైన ఏడాదిని చెబుతాయి, షూటింగ్ ఏడాదిని కాదు, పైగా అవే గుర్తులు 20 ఏళ్లకోసారి మళ్లీ వచ్చేవి. కాపీరైట్ రిజిస్టర్‌ను ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి అందులో పేరు లేకపోతే హక్కుదారు లేడని కాదు. రాసిన ప్రతి ఉత్తరం, తిరిగొచ్చిన కవరు కూడా దాచండి. నన్నడిగితే దరఖాస్తుకు బలం ఆ ఫైలే.

"అరవై ఏళ్లు దాటిందిగా, ఇక అందరిదీ" అని ధీమాగా ఉండొద్దు. సినిమాకు 60 ఏళ్ల లెక్క ప్రచురణ (అంటే జనంలోకి విడుదల) తర్వాతి ఏడాది నుంచి మొదలవుతుంది, తీసిన రోజు నుంచి కాదు. హక్కుదారు అనుమతి లేకుండా బయటికొచ్చినదాన్ని సెక్షన్ 4 ప్రచురణగా లెక్కపెట్టదు. అంటే లక్షమంది చూసిన క్లిప్ కూడా చట్టం దృష్టిలో ప్రచురితం కానిదే కావచ్చు, గడియారం ఇంకా మొదలై ఉండకపోవచ్చు. ఒక రకంగా ఇది మీకే మంచిది, ఎందుకంటే 31ఏ ప్రచురితం కాని వాటికీ వర్తిస్తుంది.

హక్కుదారు దొరకలేదని తేలాక, దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో చదివే ఒక ఇంగ్లీషు దినపత్రికలో మీ ప్రతిపాదనను ఒకసారి ప్రకటనగా వేయించాలి. దరఖాస్తు పెట్టకముందే వేయించాలి, తర్వాత కాదు. ఫుటేజ్‌ను ఆనవాలు పట్టేలా, అందులో ఏముంది, ఎంత నిడివి, ఎందుకు వాడతారు అని స్పష్టంగా రాయండి.

తర్వాత కాపీరైట్ రూల్స్, 2013లో ఇచ్చిన ఫారం నింపి, ఫీజు, ప్రకటన కాపీ జతచేసి కమర్షియల్ కోర్టులో వేయాలి. పాత వివరణల్లో కాపీరైట్ బోర్డు అనో, అప్పిలేట్ బోర్డు అనో ఉంటుంది, 2021 సంస్కరణల తర్వాత అవి లేవు. ఇక్కడ లాయర్ లేకుండా వెళ్తే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

కోర్టు విచారించి సరేననుకుంటే లైసెన్స్ ఇవ్వమని రిజిస్ట్రార్ ఆఫ్ కాపీరైట్స్‌ను ఆదేశిస్తుంది. రాయల్టీ, షరతులు కోర్టే నిర్ణయిస్తుంది, ఆ సొమ్మును ఒక ఖాతాలో డిపాజిట్ చేయమని రిజిస్ట్రార్ చెప్పొచ్చు, అసలు హక్కుదారు లేదా వారసులు ఎప్పుడొచ్చినా తీసుకునేలా.

ఈలోగా హక్కుదారు దొరికితే దరఖాస్తు పక్కన పెట్టి ఆయనతోనే రాతపూర్వక లైసెన్స్ చేసుకోండి. గడువు, ప్రాంతం తప్పక రాయించండి, రాయకపోతే 5 ఏళ్లకే, భారత్‌కే అని చట్టం అనుకుంటుంది.