రెండు ఐఎస్‌పీలున్నప్పుడు లోపలికొచ్చే ట్రాఫిక్‌ను మళ్లించాలంటే: ఏ బీజీపీ ఆట్రిబ్యూట్ వాడాలి?

బీజీపీ అంటే నెట్‌వర్కులు తమ రూట్లను ఒకదానికొకటి ప్రకటించుకునే పద్ధతి. బయటికెళ్లే ట్రాఫిక్ మన చేతిలో ఉంటుంది, లోకల్ ప్రిఫరెన్స్ (ఏ రూట్ ముందో తేల్చడానికి ఒక నెట్‌వర్క్ తన లోపల పెట్టుకునే విలువ, ఎక్కువున్నది గెలుస్తుంది) మారిస్తే సరిపోతుంది. లోపలికొచ్చేదాని సంగతి వేరు. దాన్ని ఏ దారిన పంపాలో తేల్చేది అవతలి నెట్‌వర్క్. మనం మార్చగలిగేది మన ప్రకటనలనే.

మీకు ఒక /23 (512 ఐపీవీ4 అడ్రసుల బ్లాకు, అంటే ప్రిఫిక్స్) ఉంది, ఏఎస్ నంబరు (బీజీపీలో మీ నెట్‌వర్క్ గుర్తింపు) 64500 అనుకుందాం. ఐఎస్‌పీ ‘ఎ’తో 10 గిగ్ లింకు, ‘బి’తో 1 గిగ్. ‘బి’ స్టాండ్‌బైగా ఉంటే చాలు.

చాలామంది ముందు ప్రీపెండ్ వైపే వెళ్తారు, అంటే పాత్ (రూట్ దాటొచ్చిన ఏఎస్ నంబర్ల వరస) పొడవుగా కనిపించేలా చేస్తారు. ‘బి’కి పంపే రూట్‌లో మన ఏఎస్ నంబరును రెండుసార్లు అదనంగా చేరిస్తే కొంత ట్రాఫిక్ తగ్గుతుంది. అయినా ‘బి’ కస్టమర్లు ఆ 1 గిగ్ లింకు మీదే వస్తుంటారు. కారణం, ఐఎస్‌పీలు సాధారణంగా పియర్ల (ట్రాఫిక్‌ను నేరుగా ఇచ్చిపుచ్చుకునే సాటి నెట్‌వర్కుల) రూట్లకన్నా కస్టమర్ల రూట్లకు లోకల్ ప్రిఫరెన్స్ ఎక్కువ ఇస్తాయి. పాత్ పొడవు లెక్కలోకి వచ్చేది ఆ తర్వాతే. పదిసార్లు చేర్చినా అక్కడ ఏమీ మారదు. పైగా అంత పొడవైన పాత్ ఉంటే, మీ ప్రిఫిక్స్‌ను పొరపాటున ప్రకటించినవాడే సులువుగా గెలుస్తాడు. మూడు దాటొద్దు.

అందుకే ముందు ‘బి’ని కమ్యూనిటీల (రూట్‌కు తగిలించే ట్యాగుల) జాబితా అడగండి. ఉదాహరణకు, 64501:80 తగిలిస్తే వాళ్ల దగ్గర మీ రూట్ లోకల్ ప్రిఫరెన్స్ 80 అవుతుందనుకోండి. పియర్ రూట్లకు 100 ఉంటే ‘బి’ కూడా ‘ఎ’ ద్వారానే పంపుతుంది. ‘ఎ’ పడిపోతే నేరు రూట్ తనంతట తానే మళ్లీ పనిచేస్తుంది. సిస్కో ఐఓఎస్‌లో ఆ నైబర్‌కి ‘సెండ్-కమ్యూనిటీ’ పెట్టకపోతే కమ్యూనిటీ అసలు బయటికే వెళ్లదు, ఎర్రరూ చూపించదు. కాబట్టి ‘బి’ లుకింగ్ గ్లాస్‌లో (వాళ్ల రూట్లను బయటివాళ్లు చూడగలిగే పేజీలో) బెస్ట్ పాత్ ఎటు ఉందో చూశాకే పని అయిందనుకోండి.

ఎంఈడీ (ఏ లింకు మీద రావాలో పక్క నెట్‌వర్క్‌కు సూచించే విలువ) ఒకే ఐఎస్‌పీతో రెండు లింకులుంటేనే పనికొస్తుంది, తక్కువ విలువున్నది గెలుస్తుంది. ‘ఎ’, ‘బి’ల మధ్య మామూలుగా దాన్ని పోల్చరు.

కమ్యూనిటీలు లేవంటే మిగిలింది మోటు పద్ధతి: /23ని ఇద్దరికీ, రెండు /24లను ‘ఎ’కి మాత్రమే ప్రకటించడం. రూటర్లు ఎప్పుడూ అడ్రసుకు సరిపోయేవాటిలో చిన్న ప్రిఫిక్స్‌నే ఎంచుకుంటాయి, దాని ముందు లోకల్ ప్రిఫరెన్స్ కూడా నిలవదు. కానీ మీ ఆర్‌ఓఏలో (ఒక ప్రిఫిక్స్‌ను ఏ ఏఎస్ ప్రకటించవచ్చో చెప్పే, సంతకం ఉన్న రికార్డులో) గరిష్ఠ పొడవు 23 అని ఉంటే ఆ /24లు ఇన్‌వ్యాలిడ్ అవుతాయి, ఆర్‌పీకేఐ (ఆర్‌ఓఏలతో ప్రకటనలను సరిచూసే వ్యవస్థ) తనిఖీ చేసే నెట్‌వర్కులు వాటిని పారేస్తాయి. ముందు /24లకు ఆర్‌ఓఏ చేయించి, అది అన్నిచోట్లా కనిపించాక ప్రకటించండి. అంతకన్నా చిన్నవి, ఐపీవీ6లోనైతే /48 కన్నా చిన్నవి, చాలాచోట్ల ఫిల్టర్ అవుతాయి.

ఏ మార్పు చేసినా సెషన్‌ను తెంచకుండా ‘సాఫ్ట్ అవుట్’ క్లియర్ (మన ప్రకటనలను మాత్రమే మళ్లీ పంపే కమాండ్) ఇవ్వండి. ఒకరోజు పీక్ వేళ నెట్‌ఫ్లో (ట్రాఫిక్ ఎటునుంచి ఎంత వస్తోందో చూపే లెక్క) చూశాకే రెండో మార్పు జోలికి వెళ్లండి.